చందుర్తి చేలో ఎర్రకోట్లు

ఉత్తరాంధ్రలో పుట్టినవారికి బొబ్బిలి యుద్ధం పాఠ్యపుస్తకం కంటే ముందు బుర్రకథలో పరిచయమవుతుంది. తాండ్ర పాపారాయుడి పేరు వినని ఇల్లు విశాఖపట్నంలో దాదాపు ఉండదు. అదే చందుర్తి పేరెత్తితే, గొల్లప్రోలు దగ్గరి ఊరు కదా అంటారే గాని, అక్కడొక పెద్ద యుద్ధం జరిగిందని, అందులో గెలిచిన సైన్యం ఓడ దిగింది మన విశాఖ తీరంలోనేనని, ఉత్తర సర్కారులనే మన తీరప్రాంతం ఫ్రెంచివారి చేతి నుంచి జారిపోవడం ఆ పొలాల్లోనే మొదలైందని చెప్పేవారు అరుదు. పాట కట్టడానికి వీలైన వీరుడు అందులో లేకపోవడమే కారణం కావచ్చు. అక్కడ కనిపించేది ఒక లెక్కల మనిషి, ఒక పంట చేను, కొన్ని ఎర్ర కోట్లు, ఆలస్యంగా అందిన కొంత డబ్బు. తుపాకుల కాలపు యుద్ధం ఎలా నడిచేదో అర్థం చేసుకోవాలంటే మాత్రం బొబ్బిలి కంటే చందుర్తే మంచి పాఠమని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు తుపాకి సంగతి చూడాలి. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో పాత ఆయుధాలను చూసే పిల్లలు తుపాకి దగ్గర ఆగి గురి చూసి కాల్చినట్టు నటిస్తారు. ఆ కాలపు సిపాయి అసలు గురి చూసేవాడే కాదు. 18వ శతాబ్దంలో ఇంగ్లీషు పటాలాల చేతిలో ఉన్న చెకుముకి తుపాకి సుమారు నాలుగున్నర కిలోల బరువుండేది, దాని గొట్టం లోపల నున్నగా ఉండేది, గుండు ఆ గొట్టం కంటే కాస్త చిన్నదిగా ఉండి అటూ ఇటూ తగులుకుంటూ బయటికి వచ్చేది. అందువల్ల నూరు గజాలు దాటిన తరువాత అది ఎవరికి తగులుతుందో కాల్చినవాడికే తెలియదు. ఒకసారి పేల్చడానికి జరగవలసిన తతంగం కూడా చిన్నది కాదు. కాగితపు తూటాను పంటితో కొరికి, అందులోని మందు చిటికెడు పక్కనున్న చిన్న పళ్ళెంలో పోసి మూత వేయాలి, తుపాకిని నిలబెట్టి మిగిలిన మందునూ గుండునూ కాగితాన్నీ మూతిలో వేసి ఇనుప కడ్డీతో దట్టించాలి, కడ్డీని తిరిగి దాని చోట పెట్టాలి, అప్పుడు భుజానికెత్తి మీట నొక్కాలి. చెకుముకి రాయి ఉక్కు రేకును గీరినప్పుడు రాలిన నిప్పు పళ్ళెంలోని మందుకు అంటుకుని, సన్నని బెజ్జం గుండా లోపలికి పాకితేనే గుండు కదులుతుంది. రాయి అరిగినా, మందు చెమ్మగిల్లినా, బెజ్జం మసితో పూడినా పళ్ళెంలో భగ్గుమని మండి ఊరుకుంటుంది. పెట్లుప్పు కలిసిన మందును పదేపదే కొరకడం వల్ల సిపాయి నోరు ఎండిపోయి పెదవులు నల్లబడేవి. బాగా తరిఫీదు పొందినవాడు నిమిషానికి మూడుసార్లు పేల్చగలిగేవాడు, అదీ మొదటి కొద్ది నిమిషాల్లోనే. ఆ తరువాత పొగ కమ్ముకుని ముందున్నది శత్రువో తనవాడో కనిపించేది కాదు.

ఇంత అవకతవక ఆయుధంతో ఐరోపావారు ఎలా నెగ్గారన్నది సహజంగా వచ్చే ప్రశ్న. మన జమీందార్ల సైనికుల చేతిలో ఉన్న వత్తి తుపాకి దీనికి తీసిపోయినదేమీ కాదు. దాని గొట్టం పొడవైనది, పొద మాటున కూర్చుని తాపీగా కాల్చేవాడి చేతిలో అది చెకుముకి తుపాకి కంటే దూరం వెళ్ళేది, కచ్చితంగా తగిలేది. అయితే దానికి ఎప్పుడూ మండుతున్న తాడు కావాలి. తాడు మండుతుంటే పక్కవాడి మందుసంచి భయం ఉంటుంది కాబట్టి మనుషులు ఎడం ఎడంగా నిలబడాలి, నింపడానికీ ఎక్కువసేపు పడుతుంది. చెకుముకి తుపాకి పట్టినవారు భుజం భుజం కలిపి మూడు వరసలుగా నిలబడగలరు, తుపాకి మూతికి బాయినెట్టు తగిలించుకుంటే గుర్రపు దళం మీద పడినా బల్లెపు కంచెలా కాచుకోగలరు. గురి లేని ఆయుధాన్ని ఐదువందల మంది ఒకే దిక్కుకు తిప్పి ఒకేసారి పేల్చినప్పుడు గురితో పని ఉండదు. అలాగని అందరూ ఒక్కసారే పేల్చేస్తే మళ్ళీ నింపుకునేదాకా అందరూ ఒట్టి చేతులతో ఉన్నట్టే కనుక, పటాలాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక ముక్క పేలుస్తుంటే మరొక ముక్క నింపుకునేలా వంతులు వేసేవారు.

అన్నిటికంటే విలువైనది మొదటి పేలుడు. తీరికగా, సరిగ్గా నింపిన తూటా అది, అప్పటికి పొగ లేదు, రాయి కొత్తది. దాన్ని మూడువందల గజాల దూరంలో భయంతో వదిలేసిన దళం సగం యుద్ధం ఓడిపోయినట్టే. ఎదుటివాడు ఏభై అడుగుల దూరానికి వచ్చేదాకా, వాడి ఫిరంగి గుండ్లు తమ వరసలో మనుషుల్ని ఎగరగొడుతున్నా, తుపాకి ఎత్తకుండా నిలబడగలగడమే ఆ కాలపు తరిఫీదు అసలు సారం. సేనాని పనితనం కూడా అక్కడే బయటపడేది. కాల్చమనే మాట అందరూ చెప్పగలరు. ఆగమని చెప్పి ఆపగలిగినవాడు సేనాని.

బొబ్బిలిలో ఈ శాస్త్రానికి పెద్దగా చోటు లేదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం పూసపాటి విజయరామరాజు బలగంతో కలిసి చుట్టుముట్టినది మట్టి కోట. లోపలివారికి పారిపోయే ఉద్దేశం లేదు. బయలు యుద్ధంలో వాడే తేలిక ఫిరంగులతో బురుజుల పైభాగాన్ని పగలగొట్టి నిచ్చెనలు వేసినా, గోడ మీద నిలబడినవాడికీ నిచ్చెన మీదున్నవాడికీ మధ్య వరసల క్రమశిక్షణ ఏం పనికొస్తుంది? అక్కడ ఈటే, కత్తీ, రాయీ అన్నీ తుపాకితో సమానమే. బుస్సీ నేర్పిన తరిఫీదు చిన్నది కాదు, ఆయన దగ్గర ఎదిగిన ఇబ్రహీం ఖాన్ గార్దీ తరువాత 1761లో పానిపట్టులో మరాఠాల వైపు పటాలాలను నడిపాడు. అయినా బొబ్బిలి కోట పడింది తరిఫీదు వల్ల కాదు, లోపల మనుషులు అయిపోవడం వల్ల. ఆ తరువాత కొద్ది రోజులకే పాపారాయుడు రాత్రివేళ డేరాలోకి చొరబడి విజయరామరాజును చంపడం మనకు తెలిసిన కథే. యుద్ధతంత్రం దృష్టితో చూస్తే, ఆ రాత్రి జరిగినదాని ఫలితం కోట పతనం కంటే పెద్దది. విజయనగరం గద్దె మీదికి ఆనందరాజు వచ్చాడు, ఆయనకు బుస్సీ చేసిన ఏర్పాట్లు నచ్చలేదు.

అదే ఏడాది జూన్‌లో బుస్సీ విశాఖపట్నంలోని ఇంగ్లీషు వర్తకస్థావరాన్ని కూడా పట్టుకున్నాడు. మరుసటి ఏడాది ఫ్రెంచి ప్రధాన సేనాని లాలీ మద్రాసు ముట్టడి కోసం బుస్సీని దక్షిణానికి పిలిపించుకుని, ఉత్తర సర్కారులను కాన్‌ఫ్లాన్స్ అనే అనుభవం తక్కువైన అధికారికి వదిలాడు. ఆనందరాజు ఆ సందును ఆలస్యం చేయకుండా వాడుకున్నాడు. తానే విశాఖపట్నాన్ని ఫ్రెంచివారి నుంచి లాక్కుని, ఇంగ్లీషువారికి అప్పగిస్తాను, సైన్యం పంపండి అని మద్రాసుకు రాశాడు. మద్రాసువారు తమ ప్రాణం తమకే భారంగా ఉన్న స్థితిలో కుదరదన్నారు. అప్పుడాయన కలకత్తాలో ఉన్న క్లైవ్‌కు రాశాడు. చరిత్ర పుస్తకాల్లో ఆనందరాజు పిసినారిగా, పిరికివాడిగా కనిపిస్తాడు, ఎందుకంటే ఆ పుస్తకాలు రాసినవారు ఇంగ్లీషువారు. నిజానికి ఈ నాటకం మొత్తానికి తెర ఎత్తినవాడు ఆయనే. ఆ ఎత్తు మంచిదా చెడ్డదా అన్నది వేరే మాట.

క్లైవ్ పంపినవాడు కర్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్. 1758 అక్టోబరు 20న ఆయన సుమారు 500 మంది ఐరోపా సైనికులతో, 2000 మంది సిపాయిలతో, కొన్ని తేలిక ఫిరంగులతో విశాఖపట్నం చేరాడు. ఇప్పటి ఓడరేవును మనసులోంచి తీసేసి ఆ దృశ్యాన్ని ఊహించాలి. డాల్ఫిన్స్ నోస్ కొండకు ఎదురుగా ఓడలు లోతు నీటిలో లంగరు వేసుకుంటే, అలల మీద ఎగిరే మసూలా పడవల్లో మనుషులనూ మందుపీపాలనూ ఫిరంగులనూ కొద్దికొద్దిగా ఒడ్డుకు చేర్చాలి. తడిసిన తుపాకిమందు ఇసుకతో సమానం. సేనాని మొదటి యుద్ధం ఎప్పుడూ ఇలాంటి వాటితోనే జరుగుతుంది, దాని గురించి ఎవరూ పద్యాలు రాయరు.

నవంబరు మొదట్లో కశింకోటలో ఫోర్డ్ ఆనందరాజును కలుసుకున్నాడు. ఒప్పందం ప్రకారం సైన్యపు అదనపు ఖర్చుకు రాజు నెలకు 50 వేల రూపాయలు ఇవ్వాలి, గెలిచిన లోపలి భూములు రాజువి, రేవులు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవి. ఆ కాగితంలోని తెలివి చూడండి: భూమి ఎవరిదైనా దాని సరుకు సముద్రానికి చేరే దారి కంపెనీ చేతిలో ఉంటుంది. రాజు మాత్రం డబ్బు విషయంలో సాగదీస్తూ పోయాడు. ఆయన వైపు నుంచి చూస్తే అది తప్పు కాదు, గెలవకముందే ఖజానా విప్పి పరాయివాడి సైన్యాన్ని పోషించాలంటే ఎవరికైనా చేయి వెనక్కే వస్తుంది. ఆయన బలగంలో 500 గుర్రాలు, 5000 కాల్బలం ఉండేది. కొందరి చేతుల్లో ఏవో తుపాకులు, ఎక్కువమందికి ఈటెలూ విల్లంబులూ. వీరితో పాటు బ్రిస్టల్ అనే ఆయన కింద నలభై మంది ఐరోపావారు నాలుగు ఫిరంగులు నడిపేవారు.

దక్షిణం నుంచి కాన్‌ఫ్లాన్స్ వచ్చాడు. ఆయన దగ్గర 500 మంది ఐరోపావారు, 6000 మంది సిపాయిలు, ముప్పైకి పైగా ఫిరంగులు. సిపాయిలు మూడింతలు, ఫిరంగులు అంతకంటే ఎక్కువ. డిసెంబరు మొదటి వారంలో రెండు సైన్యాలు చందుర్తి ప్రాంతంలో ఎదురుపడి, ఎవరి చోట వారు బలంగా కూర్చుని, ఎదుటివాడు ముందు కదిలితే బాగుండునని ఎదురుచూశాయి. చివరికి ఇద్దరూ ఒకే రాత్రి కదిలారు. కాన్‌ఫ్లాన్స్ ఇంగ్లీషు శిబిరం మీద గుండ్లు కురిపించడానికి చీకట్లో ఫిరంగులు పంపితే, అవి పేలే సమయానికి ఫోర్డ్ తెల్లవారకముందే శిబిరం విడిచి వెళ్ళిపోయాడు. గుండ్లు పడింది ఇంకా లేవని రాజుగారి శిబిరం మీద. అక్కడి జనం గందరగోళంగా పరుగెత్తి ఫోర్డ్ దళాన్ని కలుసుకున్నారు. ఇంగ్లీషువారు పారిపోతున్నారని కాన్‌ఫ్లాన్స్ నమ్మాడు. ఆ నమ్మకంతోనే తన బలమైన చోటు వదిలి ముందుకు వచ్చాడు.

ఫోర్డ్ వరస తీర్చిన విధానం ఇది: మధ్యలో ఐరోపా పటాలం, దానికి రెండు వైపులా ఫిరంగులు, కుడి ఎడమల సిపాయిలు, వెనక రాజుగారి మనుషులు. మధ్య పటాలం ఆగిన చోట మనిషెత్తు దాటిన పంట చేను ఉంది, అందులో నిలబడిన తెల్లవారు ఎదురునుంచి కనిపించలేదు. ఎడమవైపు చేను లేని చోట నిలబడిన సిపాయిలు మాత్రం స్పష్టంగా కనిపించారు. వారు క్లైవ్ బెంగాలులో చేర్చిన సిపాయిలు, వారికి ఐరోపావారిలాగే ఎర్ర కోట్లు తొడిగాడు. దక్షిణ తీరంలో అప్పటికి సిపాయిలకు ఎర్ర కోటు వేసే అలవాటు లేదు. కాబట్టి ఎర్రగా కనిపించినవారు తెల్ల పటాలమని ఫ్రెంచివారు అనుకున్నారు. సిపాయిల దళాలకు చిన్న చిన్న జెండాలుండటం మామూలు, ఫోర్డ్ వాటిని చుట్టి నేల మీద పెట్టించాడు. ఆ ఆజ్ఞ కావాలని పన్నిన ఉపాయమా, శత్రువు పొరపాటు కనిపించాక చేసిన సర్దుబాటా అన్నది నిర్ధారించడం కష్టం గాని, నా మటుకు రెండోదే సహజంగా అనిపిస్తుంది. మంచి సేనాని అన్నీ ముందే పన్నడు, పడిన దాన్ని వాడుకుంటాడు.

ఫ్రెంచి ఐరోపా పటాలం తమ సమ ఉజ్జీలను వెతుక్కుంటూ పక్కకు జరిగి ఎర్ర కోట్ల సిపాయిల మీదికి వెళ్ళింది. సిపాయిలు ఫిరంగుల దన్ను లేకుండా ఆ ఒత్తిడికి ఆగలేకపోయారు. ఫోర్డ్ స్వయంగా గుర్రం మీద వెళ్ళి ధైర్యం చెప్పినా ఎడమ పక్క విరిగి వెనక్కి పరుగెత్తింది. ఇక గెలిచామనుకున్న ఫ్రెంచివారు వరస చెదిరేలా ముక్కలు ముక్కలుగా తరుముకుంటూ ముందుకు ఉరికారు. ఆ క్షణంలో వారికి అటు పక్కన చేను మాత్రమే ఉంది. ఆ చేనులోంచి ఇంగ్లీషు పటాలం ఒక్కో ముక్కగా బయటికి వచ్చి ఎడమకు తిరిగి, వచ్చిన ముక్క వచ్చినట్టు, పక్కనుంచి, దగ్గరినుంచి పేల్చింది. అంతవరకు ఒక్క తూటా ఖర్చు చేయని తుపాకులవి, తీరికగా నింపినవి. పక్కనుంచి తగిలే దెబ్బకు వరసలో జవాబు లేదు, తిరిగి నిలబడేలోపే తరువాతి ముక్క పేలుస్తుంది. ఫ్రెంచి పటాలం తమ ఫిరంగుల వైపు వెనక్కి పరుగెత్తింది, ఫోర్డ్ వారికి కుదురుకునే వ్యవధి ఇవ్వకుండా వెంటపడి ఆ ఫిరంగులను పట్టుకున్నాడు. ఈలోగా కుడి పక్కనున్న సిపాయిలు తమకంటే ఎక్కువ సంఖ్యలో ఉన్న ఫ్రెంచి సిపాయిలను చెక్కుచెదరకుండా ఆపి ఉంచారు. కథ చెప్పేవారు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు గాని, ఆ కుడి పక్క కూడా విరిగి ఉంటే చేనులోని పటాలం తిరగడానికి వీలే ఉండేది కాదు.

ఫోర్డ్ అక్కడితో ఆగకుండా శిబిరం మీద పడి దాన్నీ, మిగిలిన ఫిరంగులనూ పట్టుకున్నాడు. కాన్‌ఫ్లాన్స్ గుర్రాలు మార్చుకుంటూ ఆ రాత్రికే రాజమండ్రి చేరాడు, ఫోర్డ్ కింది అధికారి కెప్టెన్ నాక్స్ సిపాయిలతో ఆయన వెంటే వెళ్ళి రాజమండ్రి కోటను పట్టుకున్నాడు. మరుసటి ఏడాది ఏప్రిల్ 7 రాత్రి మచిలీపట్నం కోట మీద చేసిన దాడి ఇంకా సాహసమైనది: మందు రెండు రోజులకు మించి లేదు, జీతాలు అందక సైనికులు అప్పటికే ఒకసారి తిరగబడ్డారు, వెనకనుంచి నిజాం సలాబత్ జంగ్ సైన్యం వస్తోంది, లోపలున్నవారు బయటివారికంటే ఎక్కువ. అయినా తెల్లవారేసరికి కోట లొంగిపోయింది, మే నెలలో సలాబత్ జంగ్ మచిలీపట్నాన్ని కంపెనీకి రాసిచ్చాడు. ఇంత చేసిన ఫోర్డ్‌కు కంపెనీ డైరెక్టర్లు ఆయన హోదాను కూడా ఖాయం చేయలేదు. 1769లో ఆయన ఎక్కిన ఆరోరా అనే ఓడ గుడ్‌హోప్ అగ్రం దాటాక జాడ లేకుండా పోయింది.

ఆనందరాజు 1760లో మరణించాడు. దత్తుగా వచ్చిన పిల్లవాడికి విజయరామరాజు అని పేరు పెట్టి గద్దె ఎక్కించారు. మన జిల్లాలోని పద్మనాభం కొండ కింద 1794 జూలై 10న కంపెనీ సిపాయిల చేతిలో మరణించింది ఆ పిల్లవాడే. అప్పటికి ఆయన నడివయసు దాటాడు. పేష్కష్, అంటే కప్పం, బకాయిల పేరుతో సంస్థానం స్వాధీనం చేసుకుని, ఊరు విడిచి పొమ్మన్న కంపెనీ ఆజ్ఞను కాదని, తన సర్దార్లతో పద్మనాభంలో దిగాడు. కర్నల్ ప్రెండర్‌గాస్ట్ దళం వచ్చి మీద పడింది. గంట తిరగకముందే రాజూ, ఆయనతో నిలబడిన ముఖ్యులూ నేలకొరిగారు.

పద్మనాభానికి అనంత పద్మనాభస్వామి దర్శనానికి వెళ్ళినవారు మెట్ల మీద కాసేపు ఆగి కిందికి చూస్తే ఆ యుద్ధంలో తంత్రానికి ఎంత తక్కువ చోటుందో తెలుస్తుంది. గోస్తని వైపు పరుచుకున్న పొలాలు, వెనక కొండ. రాజు సైన్యం ఎక్కువ, వారి తెగువకు లోటు లేదు. కాని 36 ఏళ్ళ క్రితం చందుర్తిలో రాజుగారి జనాన్ని వరస వెనక నిలబెట్టినప్పుడు ఏ కొరత ఉండేదో పద్మనాభంలోనూ అదే ఉంది: ఒకరితో ఒకరికి పొందిక లేని ఈటెలూ కత్తులూ వత్తి తుపాకులూ, వంతులు వేసి పేల్చడం నేర్పించినవారు లేని జనం. కొండ వెనక అడవి పట్టి, దారులు తెగ్గొట్టి, శత్రువుకు బియ్యం అందకుండా చేసి ఉంటే వత్తి తుపాకికి ఉన్న గుణాలన్నీ ఉపయోగపడేవి. మన్యంలోని ముఠాదారులు, అంటే కొండ ఊళ్ళ పెత్తందార్లు, ఆ తరువాత ఎన్నో ఏళ్ళు కంపెనీని అలాగే విసిగించారు. బయలులో ఎదురునిలబడటం మాత్రం శత్రువుకు బాగా తెలిసిన ఆటను వాడి గడిలోనే ఆడటం. విజయరామరాజుకు ఇది తెలియదని నేను అనుకోను. లొంగి బతకడం కంటే అక్కడే పడిపోవడం మేలని ఆయన ముందే నిశ్చయించుకున్నాడని చాలామంది రాశారు, నాకూ అలాగే అనిపిస్తుంది. అయితే అది ఒక రాజు నిర్ణయమే గాని సేనాని నిర్ణయం కాదు, ఆయన చుట్టూ పడిపోయినవారిలో ఆ రెంటి తేడా తెలిసినవారు కూడా ఉండే ఉంటారు. ఆయన కొడుకు నారాయణబాబు కొండల్లోకి తప్పుకుని, మన్యం దొరల దన్నుతో బేరం నడిపి, చివరికి కంపెనీ నుంచే సంస్థానంలో కొంత భాగం తిరిగి పొందాడు. తండ్రి బయలులో పోగొట్టుకున్నది కొడుక్కి అడవి చాటున దొరికింది.